అంబాసిడర్ 1489: వ్యాక్యూమ్ పైపు పీకేస్తే జర్కు పోయింది, అలాగే వదిలేయొచ్చా?

విశాఖ_మార్క్4
అందరికీ నమస్కారం. బండి 1986 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్, ఒరిజినల్ 1489 సీసీ ఇంజినే, నాన్నగారి బండి. ప్రాబ్లం ఏంటంటే తిన్నటి రోడ్డు మీద 50-60 స్పీడులో కాలు తేలిగ్గా పెట్టి వెళ్తుంటే జర్కులు, టక్కుమని ఆగి మళ్లీ లాగుతున్నట్టు. గట్టిగా తొక్కితే మాత్రం ఏమీ లేదు శుభ్రంగా వెళ్తుంది. మొన్న ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కాం, ఎక్కినంతసేపూ ఒక్క మిస్సింగ్ లేదు, పైకెళ్లి అరకు దగ్గర తిన్నగా రోడ్డు రాగానే మళ్లీ మొదలు.

ప్లగ్గులు, పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటు కలిపి తెంపేవి), వాటి కండెన్సర్ అన్నీ కొత్తవే. కార్బురేటర్ విప్పి కడిగించా, పెట్రోల్ ఫిల్టర్ మార్చా. చివరికి మా మెకానిక్, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రంగా గిన్నెలా ఉంటుంది చూడండి, దానికొచ్చే సన్న పైపు పీకేసి పైపులో ఒక స్క్రూ బిగించాడు. జర్కు మాయం. "అది లేకపోయినా బండి నడుస్తుంది సార్, వదిలేయండి" అన్నాడు. నడుస్తుంది నిజమే కానీ పికప్ మొద్దుబారింది, టెంపరేచర్ ముల్లు కూడా ఎప్పుడూ ఉండే చోటు కంటే కొంచెం పైన ఉంటోంది. ఇలాగే వదిలేయొచ్చా? అసలు ఈ వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్చే వ్యాక్యూమ్‌తో స్పార్క్ ముందే పడేలా చేసే ఆ గిన్నె) బాగుందో లేదో ఇంట్లో చెక్ చేసుకోడం ఎలా?

గేర్ రాజు
వదిలేయండి బ్రో. మా ఊళ్లో ట్యాక్సీ అంబాసిడర్లు సగానికి పైగా అలా పీకేసినవే తిరిగేవి. గిన్నె లోపలి పొర, అదే డయాఫ్రమ్, చిరిగిపోయి ఉంటుంది, కొత్త యూనిట్ కోసం షాపుల చుట్టూ తిరిగే బదులు టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ఒక పిసరు అడ్వాన్స్ పెట్టించుకోండి, పికప్ వచ్చేస్తుంది.

పాతబండి మాస్టారు
రాజు గారూ, ఆ పిసరు అడ్వాన్స్ మాటే ప్రమాదం. వ్యాక్యూమ్ ఇచ్చే అడ్వాన్స్ కాలు తేలిగ్గా ఉన్నప్పుడే వస్తుంది, గట్టిగా తొక్కగానే పోతుంది. మీరు డిస్ట్రిబ్యూటర్ తిప్పి పెట్టేది ఎప్పటికీ అలాగే ఉంటుంది. నలుగురు మనుషులూ, డిక్కీలో సామానూ వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే టకటకమని నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి మండే చప్పుడు) కొడుతుంది, పిస్టన్లు పాడవుతాయి.

విశాఖ గారికి, ముందు ఇది ఎందుకుందో చెప్తాను, చెకింగ్ అప్పుడు సులువుగా అర్థమవుతుంది. థ్రాటిల్ కొంచెమే తెరుచుకున్నప్పుడు సిలిండర్లోకి వెళ్లే గాలి పెట్రోలు తక్కువ, పల్చగా ఉంటుంది, అది నిదానంగా కాలుతుంది. నిదానంగా కాలేదాన్ని ముందే అంటించాలి, లేకపోతే పిస్టన్ కిందకి దిగిపోతుంటే ఇంకా కాలుతూనే ఉంటుంది, శక్తి అంతా వేడిగా సైలెన్సర్లోంచి పోతుంది. మీ టెంపరేచర్ ముల్లు పైకెక్కింది కూడా అందుకే. గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్ నిండా చార్జీ వెళ్తుంది, అది గబగబా కాలుతుంది, ముందుగా అంటించక్కర్లేదు. మానిఫోల్డులో (కార్బురేటర్ నుంచి సిలిండర్లకి వెళ్లే గొట్టంలో) వ్యాక్యూమ్ కూడా అప్పుడు దాదాపు సున్నాకి పడిపోతుంది కాబట్టి డయాఫ్రమ్ తనంతట తానే వదిలేస్తుంది. స్పీడుని బట్టి ఇచ్చే అడ్వాన్స్ వేరే, అది లోపల వెయిట్లూ స్ప్రింగులూ చూసుకుంటాయి.

మీ లక్షణాలు చూడండి, ఘాట్లో లేదు, గట్టిగా తొక్కితే లేదు, తేలిగ్గా వెళ్తుంటేనే ఉంది, పైపు పీకితే పోయింది. వ్యాక్యూమ్ పని *చేస్తున్నప్పుడు* జర్కు వస్తోంది. డయాఫ్రమ్ పూర్తిగా చిరిగుంటే పైపు ఉన్నా పీకినా ఇగ్నిషన్‌కి పెద్ద తేడా ఉండకూడదు కదా. అప్పుడే కొత్త యూనిట్ కొనకండి.

కోనసీమ కుర్రోడు
మాస్టారు చెప్పింది కరెక్టేనండి కానీ డయాఫ్రమ్ చిన్నగా లీకైతే దాంట్లోంచి గాలి దూరి మిక్స్చర్ పల్చబడి కూడా జర్కు రావచ్చు కదండి. స్క్రూ పెట్టేసరికి ఆ లీకు మూసుకుపోయి బాగుపడినట్టు అనిపిస్తుంది. కాబట్టి ముందు డయాఫ్రమ్ చెక్ చేసి పక్కన పెట్టేస్తే అయిపోద్ది.

చాలా వీజీ అండి. ఇంజిన్ ఆఫ్. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి పక్కకి పెట్టండి, వైర్లు పీకక్కర్లేదు. పైపు కార్బురేటర్ వైపు చివర ఊడదీసి బాగా తుడిచి నోటితో పీల్చండి (పెట్రోల్ కంపు కొడుతుంది, ముందే చెప్తున్నా, టిఫిన్ చేసి మాత్రం చేయకండి). పాయింట్లు బిగించిన ప్లేటు కొద్దిగా తిరగాలి. పీల్చి నాలుకతో చివర మూసేయండి, ప్లేటు అక్కడే ఆగాలి. మెల్లగా వెనక్కి వచ్చేస్తుంటే డయాఫ్రమో పైపో లీకు. నాలిక తీయగానే టక్కున వెనక్కి రావాలి, రాకపోతే ప్లేటు పట్టేసినట్టు.

పాతబండి మాస్టారు
బాగా చెప్పావు నాన్నా. ఒకటి కలుపుతాను. ఈ ఇంజిన్లో రోటర్ (డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కింద తిరిగేది) పై నుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. అడ్వాన్స్ కావాలంటే ప్లేటు దానికి ఎదురుగా, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు జరగాలి. క్యాప్ తీసి ఉంది కాబట్టి రోటర్ని కూడా చేత్తో తిరిగే వైపుకి తిప్పి వదలండి, స్ప్రింగు మీద వెనక్కి రావాలి. రాకపోతే కింద వెయిట్లు తుప్పుపట్టి బిగిసిపోయినట్టు. రోటర్ పట్టుకుని అటూ ఇటూ పక్కలకి కూడా కదిపి చూడండి, అలా ఊగుతుంటే బుష్ అరిగింది, ఇక పాయింట్ గ్యాప్ ఎన్నిసార్లు పెట్టినా నిలవదు.

విశాఖ_మార్క్4
చేశానండి. పీల్చితే ప్లేటు కదిలింది, మాస్టారు చెప్పిన వైపుకే. నాలుక పెట్టి మూసి చాలాసేపు చూశా, ఇంచు కూడా కదల్లేదు. వదలగానే వెనక్కి వచ్చింది. రోటర్ కూడా వెనక్కి వస్తోంది, పక్కలకి ఆట పెద్దగా ఏమీ తెలియలేదు. అంటే డయాఫ్రమ్ బాగానే ఉన్నట్టా? మరి జర్కు ఎందుకు?

(కంపు గురించి కుర్రోడు చెప్పింది అక్షరాలా నిజం. రెండుసార్లు పళ్లు తోముకున్నా పోలేదు)

ఓరుగల్లు అంబి
అన్నా పైపు ఏడ పెట్టిండ్రో ఒక్కసారి చూస్కోండి. కార్బురేటర్ మీద ఉండే సన్న ముక్కుకు పెట్టాలె. కొందరు మెకానిక్‌లు ఆ ముక్కు జామైతే మానిఫోల్డ్‌కు డైరెక్ట్ కలిపేస్తరు. అట్ల చేస్తే ఐడ్లింగ్ల కూడా ఫుల్ వ్యాక్యూమ్ వచ్చి టైమింగ్ ఎప్పుడూ అడ్వాన్స్‌లనే ఉంటది.

చెక్ చేసుడు ఎట్లంటే, బండి ఐడ్లింగ్ల పెట్టి పైపు డిస్ట్రిబ్యూటర్ దిక్కు ఊడదీసి చివర వేలు పెట్టండి. ఐడ్లింగ్ల గుంజుడు ఉండొద్దు, ఉన్నా మస్తు తక్కువ ఉండాలె. కొంచెం రేజ్ చేస్తే వేలును గుంజాలె. ఎందుకంటే ఆ రంధ్రం థ్రాటిల్ ప్లేటు అంచుకు జర్ర పైన ఉంటది, ప్లేటు మూసి ఉంటే వ్యాక్యూమ్ కింద్నే ఆగిపోతది, కొంచెం తెరిస్తే రంధ్రం దాకా వస్తది. ఐడ్లింగ్లనే గట్టిగ గుంజుతుందంటే ఐడ్లింగ్ స్క్రూ ఎక్కువ తిప్పి థ్రాటిల్ తెరిచి పెట్టిండ్రు, లేకుంటే పైపు తప్పు కాడ పెట్టిండ్రు.

సికింద్రాబాద్ సెడాన్
వ్యాక్యూమ్ మాటొచ్చింది కాబట్టి నాదొక డౌటు. కొత్తగా వ్యాక్యూమ్ గేజ్ కొన్నా, మానిఫోల్డ్‌కి పెట్టి చూస్తే ఐడ్లింగ్‌లో 16 ఇంచులు (పాదరసం లెక్కలో) చూపిస్తోంది, ముల్లు ఊగకుండా స్థిరంగా ఉంది. పుస్తకాల్లో 18-21 ఉండాలి అంటారు. పిస్టన్ రింగులు పోయాయా?

బర్మింగ్‌హామ్ బాబాయ్
ఏం పోలేదండి, మీరు ఎత్తులో ఉన్నారు అంతే. ఆ 18-21 అనేది సముద్రమట్టం దగ్గర లెక్క. వెయ్యి అడుగులు ఎక్కితే గేజ్‌లో సుమారు ఒక ఇంచు తగ్గుతుంది. హైదరాబాదు దాదాపు 1,800 అడుగుల ఎత్తు, అంటే ఇంచున్నర నుంచి రెండు ఇంచులు గాలే తక్కువ. ముల్లు స్థిరంగా ఉండటం ముఖ్యం. అదే గేజ్ విశాఖ వారి బండికి 16 చూపిస్తే మాత్రం వాల్వులూ టైమింగూ చూసుకోమంటాను.

ఇక అసలు విషయానికి. నా దగ్గర ఇక్కడ ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది, 1798 సీసీ, మీ 1489 కూడా అదే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్ ఇంజిన్ల కుటుంబమే కాబట్టి డిస్ట్రిబ్యూటర్ సంగతులు చాలా వరకు కలుస్తాయి. లూకాస్ కంపెనీ వ్యాక్యూమ్ యూనిట్ (అదే ఆ గిన్నె) మీద మూడు అంకెలు కొట్టి ఉంటాయి, ఉదాహరణకి 5-13-10 అని ఉందనుకోండి, 5 ఇంచుల వ్యాక్యూమ్ దగ్గర కదలడం మొదలై 13 ఇంచుల దగ్గర పూర్తవుతుంది, మొత్తం 10 డిగ్రీలు అని అర్థం. ఆ 10 డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌షాఫ్ట్‌లో సగం స్పీడుతో తిరుగుతుంది కాబట్టి క్రాంక్ పుల్లీ మీద అది 20 అవుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి టైమింగ్ తప్పిపోయింది అనుకుంటారు. ఈ అంకెలు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటాయి, అందుకే పాత సామాన్లలో గిన్నె ఒకేలా ఉందని ఏదో ఒకటి తెచ్చి బిగించకండి.

విశాఖ_మార్క్4
వేలు పెట్టి చూశా, ఓరుగల్లు అన్న చెప్పినట్టే ఉంది, ఐడ్లింగ్‌లో లేదు, రేజ్ చేస్తే గుంజుతోంది. మా గిన్నె మీద అంకెలు తుప్పు కింద ఉన్నాయి, ఎమరీ పేపర్ వేస్తే అవి కూడా పోతాయేమోనని భయం. టైమింగ్ లైటు (స్పార్క్ పడినప్పుడల్లా వెలిగేది) ఫ్రెండ్ దగ్గర దొరికింది, దాంతో ఎలా చూడాలి? పుల్లీ మీద గుర్తు ఎక్కడుందో కూడా నాకు కనపడలేదు.

బర్మింగ్‌హామ్ బాబాయ్
ఎమరీ వద్దు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో మెల్లగా తుడిచి, పైన సుద్దముక్క రాసి చెయ్యి పెట్టి తుడిచేయండి, అంకెల గాడిలో సుద్ద మిగిలి కనపడతాయి.

గుర్తులు ఈ ఇంజిన్‌కి కింద వైపు ఉంటాయి, పై నుంచి వెతికితే దొరకవు. టైమింగ్ కవర్ మీద ముళ్లలాగా మూడు ఉంటాయి, పొడుగుది టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటు), మిగతావి 5, 10 డిగ్రీలు. పుల్లీ అంచు మీద చిన్న గాటు ఉంటుంది, దానికి తెల్ల పెయింటు చుక్క పెట్టండి. వ్యాక్యూమ్‌తో 20 డిగ్రీల పైన కదులుతుంది కాబట్టి ఆ మూడు ముళ్లు చాలవు. టైలరింగ్ టేపుతో పుల్లీ చుట్టుకొలత కొలిచి 36తో భాగించండి, వచ్చిందే 10 డిగ్రీల దూరం. ఆ లెక్కన గాటు నుంచి, పుల్లీ తిరిగే వైపుకి 20, 30 దగ్గర ఇంకో రంగు చుక్కలు పెట్టుకుంటే 30 చుక్క పొడుగు ముల్లు ఎదురుగా ఆగినప్పుడు 30 డిగ్రీల అడ్వాన్స్ అని తెలుస్తుంది.

తర్వాత పైపు పీకి, కార్బురేటర్ వైపు మూసేసి, ఐడ్లింగ్ బాగా తగ్గించి లైటు కొట్టండి. అది మీ బేస్ టైమింగ్, మాన్యువల్లో ఉన్నదానితో కలవాలి. అలా మూసి ఉంచే రేజ్ చేయండి, గుర్తు మెల్లగా సాఫీగా జరగాలి, అది వెయిట్ల పని. మళ్లీ ఐడ్లింగ్‌కి వచ్చి డిస్ట్రిబ్యూటర్ వైపు పైపుని చేతి పంపుతో గానీ నోటితో గానీ పీల్చండి, గుర్తు ఒక్కసారిగా దూకి అక్కడే నిలబడాలి, స్పీడు కూడా కొద్దిగా పెరుగుతుంది. దూకి నిలబడుతోందా, లేక దూకినప్పుడు వణుకుతూ మధ్యమధ్యలో లైటు వెలగడం మానేస్తోందా అన్నది చూడండి. మీకు కావలసిన జవాబు అక్కడుంది అనుకుంటున్నా.

లుంగీ కట్టుకుని, మెడలో టవల్ వేసుకుని ఫ్యాను మీదకి వంగకండి దయచేసి.

గేర్ రాజు
ఇంత కష్టం అవసరమా అండి, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించుకుంటే పాయింట్ల గోలే ఉండదు.

పాతబండి మాస్టారు
పెట్టించుకోవచ్చు రాజు గారూ, నాకేం పట్టింపు లేదు. కానీ ఆ సెన్సర్ కూడా అదే ప్లేటు మీద కూర్చుంటుంది, దాని వైర్లు కూడా అదే ప్లేటుతో పాటు కదులుతాయి. ప్లేటులో లోపం ఉంటే కిట్ పెట్టినా లోపం అక్కడే ఉంటుంది, డబ్బులు మాత్రం మీ జేబులోంచి పోతాయి.

విశాఖ_మార్క్4
మాస్టారూ, బాబాయ్ గారూ, ఇద్దరికీ దండాలు. ఆదివారం కూర్చున్నా, మా బావమరిది పీల్చాడు నేను లైటు పట్టుకున్నా. బేస్ బాగుంది. రేజ్ చేస్తే సాఫీగా వెళ్తోంది. పీల్చగానే గుర్తు దూకింది కానీ నిలబడలేదు, లైటు టకటక ఆగి ఆగి వెలుగుతోంది, ఇంజిన్ కూడా అదే జర్కు! వదిలేస్తే మళ్లీ నున్నగా. నిలబడి ఉన్న బండిలో ఆ జర్కు చూడటం ఇదే మొదటిసారి, ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.

పాతబండి మాస్టారు
దొరికింది. ఇక మీటర్ తీయండి.

ప్లేటు కదిలినప్పుడు రెండు వైర్లు వంగుతాయి. ఒకటి బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకి వచ్చే వైరు. రెండోది కదిలే ప్లేటు నుంచి బాడీకి పోయే చిన్న ఎర్త్ వైరు, బట్టలాంటి తొడుగుతో గానీ జడలా అల్లిన రాగి తీగతో గానీ ఉంటుంది. సంవత్సరాల తరబడి వంగి వంగి ఇన్సులేషన్ లోపల తీగలు తెగుతాయి, పైకి మాత్రం కొత్తదానిలా కనపడుతుంది. వ్యాక్యూమ్ లేనప్పుడు తెగిన కొసలు ఒకదానికొకటి తగులుతుంటాయి, బండి బాగుంటుంది. ప్లేటు తిరగగానే విడిపోతాయి, స్పార్క్ పోతుంది. మీ మెకానిక్ పైపు పీకగానే ప్లేటు కదలడం ఆగింది, అందుకే "బాగైంది".

మీటర్ పెట్టే ముందు ఒక జాగ్రత్త. ప్లేటు తిరిగితే పాయింట్లు క్యామ్ (తిరుగుతూ పాయింట్లని తెరిచే ఇరుసు) మీద వేరే చోటికి వెళ్తాయి, అంచు మీద ఉంటే అవే తెరుచుకుని మీటర్ కట్ అవుతుంది, మీరు వైరు తెగింది అని పొరబడతారు. ఈ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు సుమారు 60 డిగ్రీలు మూసి ఉంటాయి. ఇంజిన్ చేత్తో తిప్పి పాయింట్లు మూసి ఉండే భాగానికి మధ్యలో ఆపండి, అప్పుడు ప్లేటు పది డిగ్రీలు అటు జరిగినా మూసే ఉంటాయి. కాయిల్ నుంచి వచ్చే వైరు టెర్మినల్ దగ్గర ఊడదీయండి. మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఒక కొస టెర్మినల్‌కి, ఒకటి డిస్ట్రిబ్యూటర్ బాడీకి. బీప్ రావాలి. ఇప్పుడు పీల్చండి. బీప్ తెగితే, కొస బాడీ మీంచి తీసి కదిలే ప్లేటు మీద పెట్టి మళ్లీ పీల్చండి. ఇప్పుడు తెగకపోతే ఎర్త్ వైరు, ఇంకా తెగుతుంటే లోపలికొచ్చే వైరు.

విశాఖ_మార్క్4
లోపలికొచ్చే వైరే మాస్టారూ!! ప్లేటు మీద పెట్టినా బీప్ తెగింది. బయటికి తీసి రెండు వేళ్లతో పట్టుకుని వంచితే ఒక చోట మెత్తగా, లోపల ఏమీ లేనట్టు ముడుచుకుపోయింది. బ్లేడుతో కోసి చూస్తే మొత్తం తీగల్లో రెండో మూడో మిగిలాయి, మిగతావి పచ్చగా చిలుం పట్టి పొడి అయిపోయాయి. ఇంట్లో లైట్లకి వాడే వైరు ముక్క ఉంది, అది వేసేయనా?

పాతబండి మాస్టారు
అది వద్దు. బిరుసుగా ఉంటుంది, ప్లేటుని కదలనివ్వదు, మళ్లీ త్వరగానే తెగుతుంది కూడా. మల్టీమీటర్ ప్రోబులకి ఉండే రకం, సన్న తీగలు బోలెడు ఉండి జావలా వేలాడే వైరు తీసుకోండి, వేడి తట్టేది. పొడుగు కొంచెం వదులుగా ఉంచి బిగించండి కానీ రోటర్‌కి తగలకూడదు. పాయింట్ల దగ్గర బిగించేటప్పుడు నట్టు కింద ఫైబర్ వాషర్ల వరస ముఖ్యం, ఈ వైరు కన్నూ, కండెన్సర్ కన్నూ, పాయింట్ల స్ప్రింగూ మూడూ ఒకదానికొకటి తగలాలి, స్టడ్డుకి గానీ ప్లేటుకి గానీ తగలకూడదు. వాషర్ తలకిందులైతే బండి అసలు స్టార్టే అవ్వదు. తర్వాత పాయింట్ల గ్యాప్ 14 నుంచి 16 థౌ (ఇంచులో వెయ్యో వంతు) లోపు పెట్టుకుని, మళ్లీ టైమింగ్ చూసుకోండి. గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది, ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్.

ఎర్త్ వైరు కూడా అదే వయసుది, చెయ్యి పెట్టారు కాబట్టి అదీ మార్చేయండి.

కోనసీమ కుర్రోడు
విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే ఎర్త్ వైరుతో సహా ప్లేటు అసెంబ్లీ మొత్తం దొరకొచ్చండి, కానీ వైరు ముక్కకి అంత దూరం ఎందుకులెండి. మాస్టారు చెప్పినట్టు వేసేయండి.

విశాఖ_మార్క్4
వేశాను. పైపు పెట్టేశాను, మెకానిక్ గారి స్క్రూ డ్యాష్‌బోర్డ్‌లో పడి ఉంది. భీమిలి దాకా వెళ్లొచ్చా, 55 దగ్గర కాలు తేలిగ్గా పెట్టి ఎంతసేపు వెళ్లినా నున్నగా ఉంది, ముల్లు కూడా పాత చోటికి దిగింది. ఒక్కటే, కాలు తేలిగ్గా ఉండి స్పీడు మెల్లగా పెంచుతున్నప్పుడు చాలా సన్నగా టిక్ టిక్ అని వినపడుతోంది. నాకింగేనా?

బర్మింగ్‌హామ్ బాబాయ్
తేలిగ్గా తొక్కినప్పుడే వచ్చి, ఘాట్లో గట్టిగా తొక్కినప్పుడు రాకపోతే అది వ్యాక్యూమ్ ఎక్కువైనట్టు. అదే ఘాట్లో కూడా వస్తే వ్యాక్యూమ్‌కి సంబంధం లేదు, బేస్ టైమింగో వెయిట్ల స్ప్రింగులో చూడాలి. ముందు పైపు పీకి మూసి అదే రోడ్డు మీద వెళ్లండి, టిక్ టిక్ పోతే సుద్ద రాసి ఆ అంకెలు చదవండి, ఎవరో ఎక్కువ డిగ్రీల గిన్నె బిగించి ఉండొచ్చు. పోకపోతే ట్యాపెట్లే (వాల్వులని తెరిచే భాగాలు) కావచ్చు, ఈ ఇంజిన్లో ట్యాపెట్ల చప్పుడు మామూలే. మీ డిస్ట్రిబ్యూటర్ పాత రకం అయితే గిన్నె వెనక గరుకు అంచున్న నట్టు ఒకటి ఉంటుంది, ఏ (అడ్వాన్స్), ఆర్ (రిటార్డ్, అంటే వెనక్కి) అని రెండు గుర్తులు ఉంటాయి. ఆర్ వైపు తిప్పితే బేస్ టైమింగ్ కొంచెం వెనక్కి వెళ్తుంది, డిస్ట్రిబ్యూటర్ వదులు చేయకుండానే. వ్యాక్యూమ్ ఇచ్చే డిగ్రీలు మాత్రం దాంతో తగ్గవు.

విశాఖ_మార్క్4
నట్టు ఉంది! ఇన్నాళ్లూ అది ఊరికే బిగించే నట్టు అనుకున్నా. సుద్ద రాసి అంకెలు చదివి పెడతా.

ఓరుగల్లు అంబి
ఇదంతా చదివి నా బండి క్యాప్ తీసి నేనూ పీల్చిన. ప్లేటు అస్సలు కదుల్తలేదు, నాలిక పెట్టి మూస్తే మాత్రం వ్యాక్యూమ్ ఆగుతున్నది, అంటే డయాఫ్రమ్ మంచిగనే ఉన్నది. వేలుతోని నూకితే జర్ర కదిలి ఆగిపోతున్నది. గిప్పుడేం జేయాలె మాస్టారూ?

పాతబండి మాస్టారు
ప్లేటు పట్టేసింది. పాయింట్లు తీసి, పై ప్లేటూ కింది ప్లేటూ కలిసే చోట పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, ప్లేటు బయటికి తీసి కిరోసిన్‌తో కడగండి. గిన్నె నుంచి వచ్చే కడ్డీ ప్లేటు పిన్నుకి తగిలించి ఉంటుంది, దాన్ని ఊడదీశాకే ప్లేటు లేపండి, లాగితే డయాఫ్రమ్ చిరుగుతుంది. బిగించేటప్పుడు రాపిడి ఉన్న చోట ఒక్క చుక్క పల్చటి నూనె చాలు. క్యామ్ మీద మాత్రం గ్రీజు, అది కూడా గోరంత. ఎక్కువైతే పాయింట్ల మీదకి చిమ్ముతుంది.